ఏ కొస ముందు

ఢిల్లీ నగరమునందు పూసా రోడ్డుకును శంకర్ రోడ్డుకును నడుమ ఇమిడియున్న ఓల్డ్ రాజిందర్ నగరము, దేశవిభజనవేళ పశ్చిమ పంజాబునందు సర్వస్వమును విడిచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబములకై వెలసిన కాలనీ. 1921లో లాహోరునందు పుట్టిన గంగారామ్ ఆసుపత్రి కూడ ఆ ప్రజలవలెనే సరిహద్దు దాటివచ్చి, 1954లో ఇచ్చటనే మరల ద్వారములు తెఱచినది. నేడు ఈ వీధులు సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొను యువజనులవి. శ్రీకాకుళమునుండియు, నెల్లూరునుండియు, కరీంనగరమునుండియు వచ్చిన మన పిల్లలు ఇఱుకు గదులలో, అద్దె గ్రంథాలయములలో, నోట్సుల నడుమను టెస్ట్ సిరీసుల నడుమను తమ యౌవనములోని మేలైన సంవత్సరములను గడుపుచున్నారు. ప్రతి యింటి మెట్లదారియందును గోడకు వ్రేలాడు ఒక చిన్న పెట్టె కలదు. దానికి వైఫై రౌటరని పేరు. పాఠములు, పత్రికలు, ఇంటినుండి అమ్మ పిలుపు, అన్నియు ఆ పెట్టెద్వారముననే వచ్చుచుండును.

ఆ పెట్టెనుండి వెలువడు తరంగములలో సంఖ్యలు ఏ క్రమమున నడచుచున్నవో ఇచ్చట చదువుకొనువారిలో ఎవ్వరును తలంపరు. తలంపనక్కఱలేకుండ చేయుటయే ఆ పనివారి ఘనత. అయినను, ఆ క్రమమును కాపాడినవారు ఎట్టి యోచనతో కాపాడిరో తెలిసికొనుట, ప్రోగ్రాములు వ్రాయువానికే గాక, పరుల మాటను యథాతథముగా గ్రహింపగోరు ఏ వివేకికైనను ఉపకరించునని నా దృఢవిశ్వాసము.

విషయమిది. యంత్రస్మృతిలో ఒక్కొక్క గది ఒక్కొక్క బైటు, అనగా ఎనిమిది బిట్లు. 255కు మించిన సంఖ్య ఒక్క గదిలో ఇమడదు. రెండు గదులు కావలసి వచ్చినప్పుడు, పెద్ద స్థానముల భాగము ముందు గదిలో ఉండవలెనా, చిన్న స్థానముల భాగము ఉండవలెనా? గణితము దీనికి ఉత్తరము చెప్పదు. రెండును సమానముగా యుక్తములే. 1964లో ఐబీఎం సంస్థ వెలువరించిన సిస్టం/360 పెద్ద భాగమును ముందుంచెను. 1970లో వచ్చిన పీడీపీ-11 చిన్న భాగమును ముందుంచెను. మోటరోలా 68000, స్పార్క్ మొదలైనవి మొదటి మార్గమున నడచినవి. ఇంటెల్ రెండవ మార్గమున నడచినది. ఇంటెల్ నడకకు కారణము వినదగినది. డేటాపాయింట్ 2200 అను యంత్రము బిట్లను ఒకదానివెనుక ఒకటిగా వరుసగా గ్రహించి కూడునది. కూడిక ఒకట్ల స్థానముననే మొదలై, చేతికి మిగిలినది పై స్థానమునకు పోవును గనుక, దానికి చిన్న భాగమే ముందు చేతికందవలసి వచ్చెను. ఆ యంత్రమునకై రూపొందిన నమూనానుండి 1972లో ఇంటెల్ 8008 పుట్టినది. దాని సంతతిలో 1978లో 8086 వచ్చినది. ఆ వంశముననే మన మేజాలపైని కంప్యూటర్లలో అధికభాగము నేటికిని సాగుచున్నది. అర్ధశతాబ్దికి పూర్వము ఒక యంత్రమునకు కలిగిన సౌకర్యము ఇన్ని కోట్ల యంత్రములకు ఆచారమై నిలిచినది.

డానీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు 1980 ఏప్రిల్ 1వ తేదీన ఒక వ్యాసము వ్రాసి, స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివరు యాత్రలలోని, గ్రుడ్డును ఏ కొసన పగులగొట్టవలెనను తగవును స్మరించి, ఈ రెండు పక్షములకును వరుసగా బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ అను పేర్లు స్థిరపఱచెను. నేను వానిని పెద్దకొస, చిన్నకొస అందును. ఏ క్రమము మేలన్నదానికంటె, అందఱును ఒక్క క్రమమునకు అంగీకరించుట ముఖ్యమని ఆయన సిద్ధాంతము. ఆ మఱుసటియేడు, 1981 సెప్టెంబరులో, ఇంటర్నెట్ ప్రోటోకాలును నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సి 791 పెద్దకొస క్రమమునే విధించినది. అంతటితో వివాదము సమసినదనుకొనవచ్చును. కాని 1997లో వైర్‌లెస్ జాలమునకు 802.11 ప్రమాణము వచ్చినప్పుడు, దాని శీర్షికలోని సంఖ్యలు చిన్నకొసతో నడచుచు వచ్చినవి. ఐకమత్యమును కోరిన ఆ వ్యాసకర్త ఆశ ఫలింపలేదు. మనకు సంక్రమించినది మిశ్రమలోకము.

ఈ మిశ్రమము ఎంత సన్నిహితమో చూడుడు. మా వీధిలో క్రొత్తగా గది తీసికొన్న విద్యార్థి ఇంటివారిచ్చిన పాస్‌వర్డు తన ల్యాప్‌టాపునందు కొట్టగనే, ల్యాప్‌టాపునకును రౌటరునకును నడుమ నాలుగు సందేశములు నడచును. అందు రెండవదానిని విప్పి చూచితిమేని, మొదటనుండు 802.11 శీర్షిక చిన్నకొసది. దాని తరువాత, లోపలనున్నది ఏ జాతి సమాచారమో చెప్పు, పదునాఱు అంకెల షోడశాంక పద్ధతిలో 888ఈ అను గుర్తు పెద్దకొసది. ఆ పిమ్మట తాళపుచెవి సమాచారము, దాని నిడివి, దాని లెక్క, అన్నియు పెద్దకొసవే. ఆ తాళపుచెవి సమాచారము గర్భముననే మరల రక్షణపద్ధతిని తెలుపు భాగము కలదు, అది చిన్నకొసది. రెప్పపాటులో గడచిపోవు ఒక్క చీటీలో క్రమము రెండుమార్లు తలక్రిందులగుచున్నది. దీనిని చదువు ప్రోగ్రాము ప్రతి మలుపునందును మెలకువతో నుండవలెను. ఒక్కచోట ఏమఱినచో గది తలుపు తెఱచుకొనదు, ఏల తెఱచుకొనలేదో చెప్పువారును ఉండరు.

ప్రక్క గదిలో తెలుగు సాహిత్యమును ఐచ్ఛికముగా తీసికొని చదువుచున్న నెల్లూరి కుఱ్ఱవాడొకడు కలడు. అతడొక సాయంకాలము వచ్చి, “బాబాయిగారూ, మన పాత శాసనాల్లోనూ పద్యాల్లోనూ సంవత్సరాలన్నీ తిరగేసి చెప్తారెందుకండీ?” అని అడిగెను. అతడు ప్రస్తావించినది భూతసంఖ్యలను. కన్నులు రెండు, రాములు ముగ్గురు, వేదములు నాలుగు, చంద్రుడు ఒక్కడు; కావున నేత్ర, రామ, వేద, చంద్ర అని వరుసగా చెప్పినచో మనకు వినవచ్చునవి రెండు, మూడు, నాలుగు, ఒకటి. వానిని ఎడమకు ఎడమకు పేర్చుకొనిపోయినచో శకవర్షము 1432, అనగా క్రీస్తుశకము 1510, రాయలవారి యేలుబడి తొలినాళ్లు సిద్ధించును. చెవికి ఒకట్లు ముందు, కంటికి వేలు ముందు. అంకెలు వామమార్గమున నడచునని పూర్వులు చేసికొన్న నియమము ఇదియే. వారు చిన్నకొసతో పలికి పెద్దకొసతో వ్రాసిరి. అట్లు చేయుచు ఎన్నడును గందరగోళపడలేదు, ఏలయనగా నియమము ముందే ప్రకటితమైయున్నది.

ఆ పిల్లవాడు కొంత సంగీతము నేర్చినవాడగుటచే మాట కటపయాదికి పోయినది. వేంకటమఖి 17వ శతాబ్దమున 72 మేళముల పద్ధతిని నిర్మింపగా, పిమ్మటివారు రాగము పేరులోని మొదటి రెండక్షరములే దాని సంఖ్యను తెలుపునట్లు పేర్లు కూర్చిరి. ధీరశంకరాభరణమున ‘ధీ’ తొమ్మిది, ‘ర’ రెండు; ఎడమకు పేర్చిన 29. ఈ నియమమెఱుగనివాడు తిన్నగా చదివి 92 అనుకొన్నచో నష్టము లేదు; 72కు మించిన మేళము లేదు గనుక తన తప్పు తనకే తెలియును. కాని మేచకల్యాణిని చూడుడు. ‘మే’ అయిదు, ‘చ’ ఆఱు. ఎడమకు పేర్చిన 65. అదియే కల్యాణి. నియమమెఱుగక తిన్నగా చదివినవానికి 56 వచ్చును. 56వ మేళమును గలదు, అది షణ్ముఖప్రియ. సాక్షాత్తు పాడదగిన, అందమైన, పరిపూర్ణమైన మఱియొక రాగము. అడిగినది కల్యాణి, వచ్చినది షణ్ముఖప్రియ. ఎచ్చటను అపస్వరము లేదు, అయినను అంతయు తప్పు.

బైటుక్రమదోషమునకు ఇంతకంటె మంచి నిదర్శనము నేనెచ్చటను చూడలేదు. అసంభవమైన సంఖ్యను పుట్టించు తప్పు మేలు. అది తన్ను తాను పట్టియిచ్చును. సంభవమైన మఱియొక సంఖ్యను పుట్టించు తప్పు ప్రమాదకరము. అది సత్యముగా చలామణి యగును. మా కాలనీలోని వృద్ధులలో ఉర్దూ చదువుకొన్నవారు ఇప్పటికిని కొందఱున్నారు. ఆ లిపి కుడినుండి ఎడమకు సాగుచుండ, దాని నడుమ వచ్చు సంఖ్యలో పెద్ద స్థానము మాత్రము ఎడమవైపుననే యుండును, అనగా సాగివచ్చు చూపునకు ఒకట్లే మొదట తగులును. వారెవ్వరును ఒక తేదీని తప్పుగా చదువుట నేను చూడలేదు. మనుష్యునకు సంస్కారము రక్షగా నున్నది. యంత్రమునకు అట్టి సంస్కారమును డ్రైవరు వ్రాయువాడే కలిగింపవలెను.

ఇప్పుడు డ్రైవరు సంగతి. కంప్యూటరు వ్యవస్థకు కేంద్రమైన కెర్నెలునకును వైఫై చిప్పునకును నడుమ దుబాసియై నిలుచు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. మా మెట్లదారిలోని పాత టీపీ-లింక్ రౌటరులో ఆథెరోస్ చిప్పును, మిప్స్ జాతి ప్రాసెసరును గలవు. ఆ ప్రాసెసరు అచ్చట పెద్దకొసతో నడచును. నా ల్యాప్‌టాపులోని వైఫై కార్డు కూడ ఆథెరోస్‌దే, ఏఆర్9285. కాని దానిని నడపు ఇంటెల్ ప్రాసెసరు చిన్నకొసది. రౌటరునందు నేను ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను స్వేచ్ఛావ్యవస్థను నిలిపితిని. ల్యాప్‌టాపునందు సామాన్యమైన లినక్సు. రెండింటియందును చిప్పును నడపునది 2008లో లినక్సు 2.6.27లో చేరిన ఏటీహెచ్9కె అను ఒక్క డ్రైవరే. మూలగ్రంథము ఒక్కటి, అది గోడమీద ఒక క్రమమునను, బల్లమీద దానికి విరుద్ధమైన క్రమమునను జీవించుచు, రెండుచోట్లను ఒక్క సత్యమునే పలుకుచున్నది. ఈ విషయమును తలంచినప్పుడెల్ల నాకు గౌరవభావము కలుగును. మూలగ్రంథము బహిరంగమైనది గనుకనే అది ఇన్ని యంత్రములపై పరీక్షింపబడినది. ఒక సంస్థ గోడలలోపలనే యుండి, ఒక జాతి యంత్రముపైననే నడచినచో ఆ దోషములు వెలుగు చూచెడివి కావు.

ఆ డ్రైవరులో నాకు మిక్కిలి నచ్చిన భాగము ఒకటి కలదు. ప్రతి చిప్పునకును కర్మాగారముననే కొలిచి వ్రాసిన సవరణల పట్టిక యుండును: ఏ చానెలునందు ఎంత శక్తితో ప్రసరింపవలెనను మొదలగునవి. ఆ పట్టికను వ్రాసినవారు ఏ క్రమమున వ్రాసిరో డ్రైవరునకు ముందుగా తెలియదు. అందుకై దాని ఆరంభమున ఏ55ఏ అను ముద్ర నొకదానిని ఉంచిరి. నా ల్యాప్‌టాపునందు డ్రైవరు ఆ రెండు బైట్లను చదివి, ఏ55ఏ వచ్చినచో ఉన్నదున్నట్లు స్వీకరించును. 5ఏఏ5 వచ్చినచో పట్టిక తలక్రిందులుగా వ్రాయబడినదని గ్రహించి బైట్లను త్రిప్పి చదువును. రెండును గానిచో అది పట్టికయే కాదని నిరాకరించును. ముద్ర ఎన్నుకొనుటలోని నేర్పు గమనింపుడు: త్రిప్పినను మాఱని సంఖ్యను ఉంచినచో ప్రయోజనమే యుండెడిది కాదు. పైగా పట్టికలోని సంఖ్యలు పెద్దకొసవా కాదా అని తెలుపు బిట్టు నొకదానిని పట్టికయందే వేఱుగా చేర్చిరి. సమాచారము తన క్రమమును తానే నివేదించుకొనుచున్నది.

మన హైదరాబాదు నుండియు ఈ ప్రపంచమునకు ఒక డ్రైవరు వెళ్లినది. తెలుగు పాఠకులలో దీనిని ఎఱిగినవారు తక్కువ. వెంకట్ మత్తెల 2001లో స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ సంస్థ శాన్‌హోసేలో ప్రధాన కార్యాలయమును, హైదరాబాదులో అభివృద్ధి కేంద్రమును నెలకొల్పుకొని వైఫై చిప్పులను రూపొందించినది. దాని డ్రైవరు ఆర్‌ఎస్‌ఐ అను పేరుతో 2014లో లినక్సు 3.15లో చేరినది. ఆ సంస్థ వైర్‌లెస్ విభాగమును 2020లో సిలికాన్ ల్యాబ్స్ కొన్నది. డ్రైవరు మాత్రము అందఱి సొత్తుగా కెర్నెలులో నిలిచినది. దానిని తెఱచి చూచితిమేని, చిప్పునకు పంపు ప్రతి ఆజ్ఞకును ముందు పదునాఱు బైట్ల శీర్షిక యుండును. అది ఎనిమిది పదముల వరుస, ఒక్కొక్క పదము రెండు బైట్లు, ఒక్కొక్కటియు చిన్నకొసదని దాని నిర్వచనమునందే విస్పష్టముగా వ్రాయబడియున్నది. మొదటి పదమున క్రింది పండ్రెండు బిట్లలో ఆజ్ఞ నిడివియు, ఆపైన అది చేరవలసిన వరుస సంఖ్యయు ఉండును.

ఒక ఆజ్ఞ నిడివి పదునాఱు బైట్లనియు, అది నాలుగవ వరుసకు పోవలసినదనియు అనుకొందము. షోడశాంక పద్ధతిలో ఆ పదము 4010 అగును. చిప్పు కోరు చిన్నకొస క్రమమున మొదట 10, పిమ్మట 40 ఉండవలెను. ఇంటెల్ యంత్రముపై ఏ శ్రద్ధయు లేకుండ వ్రాసినను అట్లే పడును. అదే ప్రోగ్రామును పెద్దకొస యంత్రముపై నడపినచో మొదట 40, పిమ్మట 10 పడును. చిప్పు దానిని 1040 అని చదువును. అనగా ఒకటవ వరుస, అఱువదినాలుగు బైట్ల నిడివి. వరుస తప్పు, నిడివి తప్పు. అయినను రెండును ఊహింపదగిన సంఖ్యలే. మేచకల్యాణి షణ్ముఖప్రియ యైనది. హైదరాబాదు డ్రైవరులో ఈ అనర్థము లేకుండుటకు కారణము, ఆ పదమును నింపు ప్రతి పంక్తియందును ప్రాసెసరు క్రమమునుండి చిన్నకొసకు మార్చు ఒక చిన్న ప్రమేయముండుటయే. ఇంటెల్ యంత్రముపై ఆ ప్రమేయము ఏమియు చేయదు. అచ్చట అది సున్నతో సమానము. ఆ కారణముననే దానిని విడిచిపెట్టినను వ్రాసినవాని బల్లమీద ఏ పరీక్షయు విఫలము కాదు. నిష్ఫలముగా కనబడు ఆ మాటను ప్రతిసారియు శ్రద్ధతో వ్రాయుటలో, తాను ఎన్నడును చూడబోని యంత్రమునెడల, తాను ఎన్నడును కలిసికొనబోని మనుష్యునియెడల వ్రాసినవాడు చూపు మర్యాద నాకు గోచరించును.

ఇచ్చటనే నేను చెప్పదలచిన అసలు మాట. బైటుక్రమమును పాటించుటకు లోకమున రెండు మార్గములు వాడుకలో నున్నవి. మొదటి మార్గమువాడు, “నేనెవరిని? పెద్దకొసవాడనా, చిన్నకొసవాడనా?” అని ప్రశ్నించుకొని, ఉత్తరమునుబట్టి రెండు తీరులుగా ప్రోగ్రామును చీల్చి, ఈ యంత్రమైన ఇట్లు, ఆ యంత్రమైన అట్లు అని షరతులు నింపుచు పోవును. చిప్పులమ్ము సంస్థలు త్వరపడి బయటపెట్టు డ్రైవర్లలో ఈ పద్ధతి మెండు. బిట్లను సైతము సి భాషలోని బిట్‌ఫీల్డులుగా పఱచి, యంత్రమునకొక వరుసగా రెండుమార్లు వ్రాయుదురు. ఒకదానిని సవరించి రెండవదానిని మఱచుట పరిపాటి. రెండవ మార్గమువాడు తన్నుగూర్చి ప్రశ్నింపనే ప్రశ్నింపడు. “నా చేతికందిన ఈ సంఖ్య ఏ క్రమమున వ్రాయబడినది?” అని మాత్రమే అడుగును. వ్రాసినది చిన్నకొసతో నైనచో, మొదటి బైటు ఒకట్ల భాగము, రెండవ బైటును 256చేత హెచ్చించి కూడవలెను. ఈ లెక్క ఏ యంత్రముపైనైనను ఒక్కటే. తన యంత్రము ఏ జాతిదో అతనికి తెలియనక్కఱయే లేదు. రాబ్ పైక్ 2012లో ఒక వ్యాసమున ఈ వాదమునే బలముగా ప్రతిపాదించెను. వైఫై పాస్‌వర్డుల లావాదేవీని నడపు డబ్ల్యుపిఎ సప్లికెంట్ అను ప్రోగ్రాము, ఇంతకుముందు నేను వర్ణించిన ఆ మిశ్రమ సందేశమును చదువునప్పుడు, ఇట్లే ఒక్కొక్క బైటును పేర్చి సంఖ్యను కట్టుకొనుచుండును. ఆత్మజ్ఞానము తత్త్వశాస్త్రమున పరమార్థము కావచ్చును; డ్రైవరు విషయమున మాత్రము ఎదుటివాని వ్రాత తెలిసినచో చాలును. ఈ రెండవ మార్గమే సరియైనదని నా నిశ్చితాభిప్రాయము.

అయితే మనుష్యుని స్మృతి బలహీనము. ఏ సంఖ్య ఏ క్రమముదో వేలకొలది పంక్తుల నడుమ ఎవడు గుర్తుంచుకొనును? దీనికి లినక్సువారు చేసిన ఏర్పాటు స్తుతిపాత్రము. చిన్నకొస సంఖ్యకు ఒక జాతి, పెద్దకొస సంఖ్యకు ఒక జాతి, ప్రాసెసరు తన లెక్కలకు వాడుకొను సంఖ్యకు మఱియొక జాతి అని మూడు వేర్వేరు పేర్లు పెట్టిరి. స్మృతిలో మూడును ఒక్కటే. వాటి భేదము వ్రాతలోనే. లినస్ టోర్వాల్డ్స్ 2003 ప్రాంతమున రచించిన స్పార్స్ అను పరీక్షకుడు ఈ జాతులు కలగలిసినచోట నెల్ల హెచ్చరించును. అల్ వైరో అను కెర్నెలు పండితుడు అంతకుపూర్వము వ్రాసియున్న ఎన్నో భాగములను ఓపికతో గాలించి ఈ జాతినామములను చేర్చెను. మన తెలుగువారి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక; ఇచ్చటి అద్దె పత్రములపై ఇది తలక్రిందులై, ఒకే విద్యార్థి రెండు కాగితములపై ఇద్దఱు మనుష్యులుగా కనబడుట నేనెఱుగుదును. ఏ గడిలో ఏ పేరు వ్రాయవలెనో గడి మీదనే అచ్చువేసియున్న దరఖాస్తులో ఆ చిక్కు రాదు. జాతినామము చేయు పని అట్టి గడి మీది అచ్చు పనియే. చాలకాలమువఱకు ఈ పరీక్షను ప్రత్యేకముగా కోరిన గాని స్పార్స్ చేసెడిది కాదు. 2016 చివర, అడుగకయే ప్రతిసారియు చేయునట్లు మార్చిరి. అడిగినవానికే సత్యము చెప్పుట కంటె అడుగనివానికిని చెప్పుట మేలు గదా.

ఈ జాగ్రత్తవలన యంత్రమునకు భారమగునేమో యని శంకించువారు కలరు. ఆ శంక నిరాధారమని లినక్సు వైర్‌లెస్ భాగములోని ఒక చిన్న ప్రమేయమే చాటుచున్నది. వచ్చిన ప్యాకెట్టు ఏ తరగతిదో తేల్చుటకు దాని మొదటి రెండు బైట్లను చూడవలెను, అవి చిన్నకొసవి. ప్రతి ప్యాకెట్టునందును ఆ బైట్లను త్రిప్పి, పిదప తెలిసిన గుర్తుతో పోల్చినచో, ప్యాకెట్టు ప్యాకెట్టుకును పెద్దకొస యంత్రమునకు శ్రమ. అట్లు గాక, తెలిసిన గుర్తునే ముందుగా చిన్నకొసకు త్రిప్పి పోల్చుదురు. గుర్తు స్థిరసంఖ్య గనుక ఆ త్రిప్పుట, ప్రోగ్రామును యంత్రభాషకు మార్చు కంపైలరు చేతిలోనే ముగియును. రౌటరు నడచుచున్నప్పుడు దానికి ఖర్చేమియు లేదు. జాతి నియమమును పాటించుచునే వేగమును కాపాడినారు. ఇట్టి నేర్పును చూచినప్పుడు, శ్రద్ధయు సామర్థ్యమును పరస్పరవిరుద్ధములను అపోహ నశించును.

ఇక చివరి ఆక్షేపణ, అన్నిటికంటె బలమైనది: పెద్దకొస యంత్రములు అంతరించుచున్నవి గదా, వానికొఱకు ఇంత యాతన యేల? ఆపిల్ 2006లో పవర్‌పీసీని విడిచి ఇంటెల్‌కు మరలినది. 2021లో వచ్చిన డెబియన్ 11లో పెద్దకొస మిప్స్‌కు స్థానము లేదు. మన ఫోనులన్నియు చిన్నకొసతోనే నడచుచున్నవి. ఈ గతి నిజమే. కాని ఐబీఎం మెయిన్‌ఫ్రేములు 1964నాటి క్రమమును నేటికిని వీడలేదు. అంతకుమించి, మన మెట్లదారులు చూడుడు. కొన్నవారు పరీక్ష ముగించుకొని వెడలిపోవుదురు, రౌటరు తరువాతి విద్యార్థి చేతికి వచ్చును, అతనినుండి మఱియొకనికి. తయారుచేసిన సంస్థ దానిని ఏనాడో విడిచినను, స్వేచ్ఛావ్యవస్థ వ్రాయువారు విడువలేదు గనుక ఆ పెద్దకొస మిప్స్ పెట్టె ఇప్పటికిని పాఠములను మోయుచున్నది. క్రొత్త వస్తువు కొనలేని పిల్లవానికి ఆ పాత పెట్టె పనిచేయుట చిన్న విషయము కాదు. ఇంకొకటి కూడ చెప్పవలెను. యంత్రములన్నియు చిన్నకొసవే యైనను, తీగలమీదను గాలిలోను నడచు పెద్దకొస సంఖ్యలు ఎచ్చటికిని పోవు. 1981లో విధింపబడిన క్రమము ఇంటర్నెట్టు ఉన్నంతకాలము ఉండును. కావున త్రిప్పవలసినచోట త్రిప్పుట, త్రిప్పరానిచోట మానుట, రెండింటి భేదమును వ్రాతలో స్పష్టపఱచుట ఎన్నటికిని తప్పని విధి.

హైదరాబాదులోను, బెంగుళూరులోను, విశాఖపట్టణములోను నేడు వైర్‌లెస్ చిప్పులకు డ్రైవర్లు వ్రాయుచున్న తెలుగు యువకులు, యువతులు పలువురు కలరు. వారి వ్రాత ఏ దేశమున ఏ గోడమీద నడచునో వారికి తెలియదు. వారికి నా మనవి యొక్కటే. చిప్పునకు పంపు ప్రతి సంఖ్యకును దాని క్రమజాతిని నిర్వచనమునందే వ్రాయుడు; మీ యంత్రముపై నడచినదని తృప్తిపడకుడు; కెర్నెలును కట్టు మేక్ ఆజ్ఞకు సి=2 అని చేర్చి, స్పార్స్ చూపిన ప్రతి హెచ్చరికను చదివి, కారణము తెలిసికొని సరిచేసిన పిమ్మటనే మీ డ్రైవరును లోకమునకు పంపుడు.